ఆకుపచ్చ టిక్కు చాలదు

వర్షపాతం లెక్కలు చూసే ఉద్యోగం నాది. మాకొచ్చే వాతావరణ సమాచారం చాలావరకు నెట్‌సీడీఎఫ్ ఫైళ్లలో ఉంటుంది. వాటిని తెరవడానికి పైథాన్ ఒక్కటే సరిపోదు. దాని అడుగున సీ భాషలో రాసిన నెట్‌సీడీఎఫ్, హెచ్‌డీఎఫ్5 లైబ్రరీలు కావాలి. అవి కూడా ఒకదానికొకటి పొసగే వెర్షన్లయి ఉండాలి. విండోస్‌లో వాటిని మనమే కంపైల్ చేసుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అదే కోండా అనే ప్యాకేజీ మేనేజర్‌తో ‘కోండా ఇన్‌స్టాల్’ అని ఒక్క లైను కొడితే అన్నీ సర్దుకుని దిగిపోతాయి. ఆ లైను వెనక ఉన్న వేలాది స్వచ్ఛంద కార్యకర్తల్లో నేనూ ఒకదాన్ని.

ఆ ప్రాజెక్టు పేరు కోండా-ఫోర్జ్. 2015లో మొదలైంది. అందులో ప్రతి ప్యాకేజీకీ ఒక రెసిపీ ఉంటుంది. మూల కోడ్ ఎక్కడ దొరుకుతుంది, దించిన ఫైలు అసలైనదేనని తేల్చే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఏమిటి, ఏయే లైబ్రరీలు కావాలి, ఏ పరీక్ష పెట్టాలి, లైసెన్సు ఏమిటి, బాధ్యులెవరు... ఇదంతా ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో ఇమిడిపోతుంది.

కొత్త రెసిపీని గిట్‌హబ్‌లో ‘స్టేజ్డ్-రెసిపీస్’కి పుల్ రిక్వెస్ట్‌గా పంపాలి. లైసెన్సు ఫైలు లేకపోయినా, పరీక్ష రాయకపోయినా అక్కడి బాట్ వెంటనే పట్టేస్తుంది. తర్వాత బిల్డ్ నడుస్తుంది. అనుభవమున్న వాలంటీరు ఒకరు చదివి, అడగాల్సినవి అడిగి, ఒప్పుకుంటారు. మెర్జ్ కాగానే ఆ ప్యాకేజీకి ‘ఫీడ్‌స్టాక్’ అనే సొంత రిపాజిటరీ దానంతటదే ఏర్పడి, నిర్వహణ మన చేతికొస్తుంది.

ఇక అక్కడి నుంచి రోజువారీ చాకిరీ మరో బాట్‌దే. అసలు రచయితలు కొత్త వెర్షన్ విడుదల చేస్తే అది గమనించి, వెర్షన్ నంబరూ హ్యాషూ మార్చి, పుల్ రిక్వెస్ట్ తెరుస్తుంది. పైథాన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అడుగునున్న ప్యాకేజీలతో మొదలుపెట్టి, వాటి మీద ఆధారపడినవాటిని వరసగా మళ్లీ కట్టిస్తుంది.

బాట్ తెరిచిన పుల్ రిక్వెస్ట్‌లో పరీక్షలన్నిటికీ ఆకుపచ్చ టిక్కు కనబడితే మెర్జ్ నొక్కేయాలనిపిస్తుంది. నేను మాత్రం ముందు రచయితలు ప్రకటించిన లైబ్రరీల జాబితాను రెసిపీ పక్కన పెట్టి చూస్తాను. ఎందుకంటే చాలా పాత రెసిపీల్లో ఉన్న పరీక్ష ‘ఇంపోర్ట్’ ఒక్కటే. కొత్తగా చేరిన లైబ్రరీని ఏదో ఒక ఫంక్షన్ లోపలే పిలుస్తుంటే, అది లేకపోయినా ఇంపోర్ట్ గట్టెక్కుతుంది. తీరా ఫైలు తెరిచేటప్పుడు వాడేవారి దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుంది. అప్పుడు రెసిపీ సరిదిద్ది, బిల్డ్ నంబరు పెంచి, మళ్లీ కట్టాల్సిందే.

అందుకే అలాంటిది కంటబడినప్పుడల్లా లైబ్రరీ పేరు చేర్చి ఊరుకోను. ప్రకటించిన లైబ్రరీలన్నీ ఉన్నాయో లేదో చూసే ‘పిప్ చెక్’నీ, చిన్న ఫైలొకటి నిజంగా తెరిచి చదివే రెండు లైన్ల పరీక్షనీ రెసిపీలో రాసేస్తాను. ఈసారి నేను కంటితో పట్టుకున్నది వచ్చేసారి బిల్డే పట్టుకుంటుంది. రేపు నా స్థానంలో ఇంకొకరు వచ్చినా ఆ కాపలా అలాగే ఉంటుంది.

ఇందులోకి దిగడానికి గొప్ప ప్రోగ్రామర్ కానక్కర్లేదు. గిట్ ప్రాథమికాంశాలు వస్తే చాలు. మీరు రోజూ వాడే ప్యాకేజీ ఫీడ్‌స్టాక్ తెరిచి, దాని పరీక్షల భాగం చదవండి. ఇంపోర్ట్ ఒక్కటే ఉంటే, మీ పని ఏమిటో మీకు తెలిసిపోయినట్టే.