సైలెన్సర్‌కి ముందుండే డబ్బా

మా దర్శిలో నేను ఉత్ప్రేరకాల పాఠం మొదలుపెడితే చాలు, పిల్లల్లో ఒకడైనా అడుగుతాడు: "సార్, కారు కింద కన్వర్టర్ పీకేస్తే పికప్ పెరుగుద్దంట గదా?" కురిచేడు రోడ్డులోనో పొదిలి రోడ్డులోనో ఏదో షెడ్డు దగ్గర విన్న మాట అది. లోపలున్న జాలీ పొగకు అడ్డం పడుతోందనీ, అది తీసేస్తే బండి బాగా లాగుతుందనీ వాదన. కొందరు మేస్త్రీలు డబ్బా కోసి, లోపలి దిమ్మను పొడిచి రాల్చేసి, ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేసి బిగిస్తారు. బయటి నుంచి చూస్తే కన్వర్టర్ ఉన్నట్టే ఉంటుంది. అలా రాలిన బూడిదరంగు పెంకుల్లో ఏముందో తెలిస్తే మాత్రం ఆ పనికి చెయ్యి రాదు.

ఒక తుక్కు కారు కన్వర్టర్‌ను కోయించి చూశాను. మాస్కు కట్టుకునే కోయాలి, లోపలి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. స్టీలు రేకు చీలగానే తెల్లటి పీచు చుట్ట, దాని లోపల కార్డియరైట్ అనే పింగాణీతో చేసిన గుండ్రటి దిమ్మ. దాని నిండా ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా పోయే సన్నని గళ్లు. పేరుకు తేనెపట్టు అంటారు గానీ గళ్లు నలుచదరంగా ఉంటాయి. చదరపు అంగుళానికి 400 గళ్లు మామూలు లెక్క. గోడ మందం మిల్లీమీటరులో ఆరో వంతు. ఒక కొసన కన్ను పెట్టి వెలుతురు వైపు తిప్పితే అవతల ఆకాశం కనిపిస్తుంది. ఎర్రగా కాలినా పగలకుండా ఉండే ఈ దిమ్మను 1970ల మొదట్లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో బాగ్లీ, లాక్మన్, లూయిస్ అనే ముగ్గురు తయారుచేశారు.

ఇక అడ్డం సంగతి. రెండంగుళాల పొగగొట్టం నోరు దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న దిమ్మ నోరు 78. గోడల కింద పాతిక శాతం పోయినా దాదాపు 59 చదరపు సెంటీమీటర్లు ఖాళీ. అంటే గొట్టానికున్న దారి కంటే దిమ్మలో ఉన్న దారి మూడింతలు. గోడలకు రాసుకుంటూ పోవడం వల్ల కొంత ఒత్తిడి ఖర్చవుతుంది, కాదనను. పందేల బండిలో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు ఆ తేడా లెక్కకొస్తుంది. అద్దంకి రోడ్డు మీద మామూలుగా నడిపే కారులో మనిషికి తెలిసే తేడా ఎక్కువగా శబ్దంలోనే. బండి గట్టిగా అరిస్తే గట్టిగా లాగుతోందనిపించడం సహజం.

గళ్ల గోడలకు అల్యూమినా పూత ఉంటుంది. ఒక్క గ్రాము పూతలో ఉన్న సూక్ష్మరంధ్రాల ఉపరితలమంతా కలిపితే 100 చదరపు మీటర్లు దాటుతుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం రేణువులు చల్లినట్టుంటాయి. అన్నీ కలిపినా కొద్ది గ్రాములే. పొగ ఈ దిమ్మలో ఉండేది రెప్పపాటు కంటే తక్కువసేపు. గడి వెడల్పు మిల్లీమీటరు పైచిలుకే కాబట్టి ఆ కాస్త వ్యవధిలోనే అణువులు గోడను తాకగలుగుతాయి. జాలీని అంత సన్నగా చేసింది అందుకే.

గోడ మీద జరగాల్సిన పనులు మూడు. కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మార్చాలి. కాలకుండా మిగిలిన పెట్రోలును కాల్చాలి. నైట్రోజన్ ఆక్సైడులను విడగొట్టి మామూలు నైట్రోజన్ చేయాలి. మొదటి రెండింటికి ఆక్సిజన్ కావాలి. మూడోదానికి ఆక్సిజన్ ఎక్కువైతే పని చెడుతుంది. ఒకే డబ్బాలో, ఒకే క్షణంలో ఈ రెండూ ఎలా కుదరాలి?

ఒక కిలో పెట్రోలుకు సరిగ్గా 14.7 కిలోల గాలి పడినప్పుడు మాత్రమే కుదురుతుంది. అటూ ఇటూ ఏమాత్రం జరిగినా ఏదో ఒక పని ఆగిపోతుంది. ఆ పాళ్లను కనిపెట్టడానికి గొట్టంలో జిర్కోనియాతో చేసిన ఆక్సిజన్ సెన్సర్ పెట్టారు. దానికి ఒక పక్క బయటి గాలి, మరో పక్క పొగ. రెండు వైపులా ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది: పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దగ్గర, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర. అది చూసి కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది, పెంచుతుంది, మళ్లీ తగ్గిస్తుంది. కారు ఎప్పుడూ కచ్చితంగా 14.7 మీద నిలబడదు. దాని చుట్టూ ఇంచుమించు సెకనుకోసారి ఊగుతూ ఉంటుంది. 1976లో వోల్వో కారులో మొదటిసారి ఈ సెన్సర్ వచ్చింది. ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్ రూపుదిద్దిన మూడు పనుల కన్వర్టర్ దానికి తోడైంది.

ఊగుడు సరే, మరి గాలి తక్కువైన ఆ అరసెకను సంగతి? ఇక్కడే నాకు ఈ యంత్రం మీద ప్రేమ పుట్టింది. పూతలో సీరియం ఆక్సైడు కలుపుతారు. సీరియం పరమాణువుకు రెండు స్థితులు అలవాటు. పొగలో ఆక్సిజన్ మిగులుగా వచ్చినప్పుడు దాన్ని తన స్ఫటికంలో దాచుకుంటుంది. కొరవ వచ్చినప్పుడు తనలోనిది వదిలేస్తుంది. సాగర్ కాలువ వదిలినప్పుడు నింపుకుని, కట్టేసినప్పుడు వాడుకునే మా మంచినీళ్ల చెరువు చేసే పనే ఇది, సెకనుకోసారి, ఏళ్ల తరబడి. ఫోర్డ్‌లో పనిచేసిన మన దేశపు ఇంజనీరు హరేన్ గాంధీ, ఆయన సహచరులు 1976లోనే ఈ ఆక్సిజన్ నిల్వ గురించి రాశారు.

సీరియం ఆక్సైడుకు ఒక బలహీనత ఉంది. వేడి బాగా పెరిగితే దాని రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి, దాచుకునే చోటు తగ్గిపోతుంది. జిర్కోనియం కలిపితే నిలబడుతుంది. హైదరాబాద్‌లోని ఐఐసీటీ పరిశోధన సంస్థలో బెంజారం మహిపాల్ రెడ్డి ఏళ్లపాటు పరిశోధించింది ఇలాంటి సీరియా మిశ్రమాల మీదే. సీరియం ఉండే మోనజైటు, జిర్కోనియం ఉండే జిర్కాన్ రెండూ మన భీమునిపట్నం, కళింగపట్నం తీరపు ఇసుకలోనే ఉన్నాయి.

ఇంత చక్కని డబ్బాకు పాత శత్రువు సీసం. ఫ్రాన్సు నుంచి అమెరికా వెళ్లిన యూజీన్ హూడ్రీ అనే ఇంజనీరు లాస్ ఏంజిలిస్ పొగమంచు చూసి కలవరపడి కన్వర్టర్ మీద పట్టుబట్టాడు, 1956లో పేటెంటు పొందాడు. కానీ 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్గ్‌లీ కనిపెట్టిన సీసపు మందు అప్పటికే ప్రతి బంకులో పెట్రోలులో కలిసి ఉంది. సీసం లోహపు రేణువుల మీద పేరుకుని ఉత్ప్రేరకాన్ని చంపేసేది. విచిత్రం ఏమిటంటే, ఉత్ప్రేరకంతో ముడి చమురును విరిచి ఇంజను కొట్టుకోని మేలిరకం పెట్రోలు తీసే పద్ధతి హూడ్రీదే. సీసం ఏ పనికి కలుపుతున్నారో ఆ పనికి ఆయన వేరే దారి ముందే చూపించాడు. తన డబ్బా కార్లకు ఎక్కడం చూడకుండానే 1962లో పోయాడు. 1975 మోడళ్లకు అమెరికాలో కన్వర్టర్లు వచ్చినప్పుడు, సీసం పెట్రోలు పొరపాటున కూడా పడకూడదని ట్యాంకు మూతి సన్నగా చేశారు.

మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. మద్రాసులో కొన్న కారు సీసం పెట్రోలు ఉన్న ఊరికొచ్చి ట్యాంకు నింపుకుంటే ఆ దిమ్మ పని అంతే. 2000లో దేశమంతా సీసం పోయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాయి. తర్వాత హైదరాబాదులో మారుతి ఈకో వ్యాన్ల కింద దూరి సైలెన్సర్లు కోసుకుపోయే ముఠాలు పట్టుబడ్డాయి. ఆ కొద్ది గ్రాముల లోహం కోసమే.

ఇప్పుడు ఖాళీ డబ్బా దగ్గరికొద్దాం. కొత్త కార్లలో దిమ్మకు ముందొక సెన్సర్, వెనకొకటి. దిమ్మ ఆరోగ్యంగా ఉంటే ముందుది ఊగుతుంది, వెనకది దాదాపు నిశ్చలంగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఊగుడును సీరియం మింగేసింది. దిమ్మ తీసేస్తే రెండూ కలిసి ఊగుతాయి. డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలుగుతుంది, స్కానర్ పెడితే పీ0420 కోడ్ వస్తుంది. వెనక సెన్సర్‌ను బయటికి జరిపే బుడిపె పెట్టి దీపం ఆర్పేవాళ్లున్నారు. దీపం ఆరినా విషం ఆగదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద దీనికి 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి.

నిజంగా దారి వెడల్పు చేయాలంటే దిమ్మ జోలికి పోకుండా దాని వెనక గొట్టం, సైలెన్సర్ మార్చుకోవచ్చు, శబ్దం నిబంధన దాటకుండా. అక్కడా అతి పనికిరాదు, గొట్టం మరీ లావైతే పొగ వేగం తగ్గి తక్కువ స్పీడులో లాగుడు పోతుంది. దిమ్మ నిజంగా మూసుకుపోయి బండి లాగకపోతే, మూసుకుపోవడానికి కారణం చాలాసార్లు ఇంజను దగ్గరే ఉంటుంది. ఒక ప్లగ్గు మంట వేయకపోతే ఆ సిలిండర్ పెట్రోలు పచ్చిగా వచ్చి దిమ్మలో కాలుతుంది, పింగాణీ కరిగి ముద్దవుతుంది. రింగులు అరిగి ఆయిల్ కాలుతుంటే దాని బూడిద గళ్లలో పేరుకుంటుంది. కాబట్టి గ్రైండర్ తీసేముందు ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు, ఆయిల్ మట్టం చూడాలి. అవి సరిచేయకుండా కొత్త కన్వర్టర్ బిగించినా అదీ అలాగే కరిగిపోతుంది.