వెన్నుపాము గాయమూ, చక్కెర గొలుసులూ

మిరప టిక్కీలు యార్డుకు తరలే దినాలలో మా గుంటూరు, ప్రకాశం మెరక ప్రాంతాలలో ఒక ప్రమాదం తరచు జరుగుతుంది. కొన్నేళ్ళ క్రితం లోడు పైనుండి జారిపడిన యువకుని, కాళ్ళు చేతులు పట్టి ఎత్తి, ఆటోలో కూర్చుండబెట్టి, తైలమర్దనం కోసం నా వద్దకు తెచ్చారు. కాళ్ళకు స్పర్శ లేదు. నేను నూనె ముట్టలేదు. పలకపై పరుండబెట్టించి పెద్దాసుపత్రికి పంపాను. అతడు బ్రతికాడు గాని, నడక రాలేదు.

"తెగిన చేతి నరం కొంతైనా కోలుకుంటుంది గదా, వెన్ను నరం ఎందుకు కోలుకోదండీ?" అని అతని తల్లి అడిగింది. పాఠకులకూ ఈ సందేహం కలుగవచ్చు.

వెన్నుపాము దెబ్బతిన్నచోట దేహం రక్షణార్థం మచ్చ కడుతుంది. అందులో కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులు, సీసా బ్రష్షు కుచ్చుల వలె, మాంసకృత్తు కాడలకు అంటి ఉంటాయి. తిరిగి పెరగజూచే నరపు తంతువులను ఇవి అడ్డగిస్తాయి. ఆ గొలుసులను త్రుంచే కాండ్రాయిటినేజ్ ఏబీసీ అనే ఎంజైమును బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఎలుకలకు అందించగా, కొంత నడక మెరుగుపడినట్లు 2002లో వెల్లడైంది.

అయితే ఆ ఎంజైము దేహపు వేడికి త్వరగా నిర్వీర్యమవుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన రవి బెల్లంకొండ, అమెరికాలో తన సహచరులతో కలిసి దీనికి ఉపాయం కనుగొన్నారు. కుక్కగొడుగులలో ఉండే ట్రెహలోజ్ అనే చక్కెరను జోడిస్తే, ఆ ఎంజైము 37 డిగ్రీల వేడిలోనూ నాలుగు వారాల వరకు పనిచేస్తుందని 2010లో ప్రకటించారు. ఒక చక్కెర వేసిన కంచెను తొలగించటానికి మరొక చక్కెర తోడ్పడిందన్నమాట!

ఇది ఎలుకలలో లభించిన ఫలితం. మానవులకు ఇంకా సాధారణ చికిత్సగా రాలేదు. బెల్లం, పటికబెల్లం తిన్నా, మోకాళ్ళకు అమ్మే కాండ్రాయిటిన్ మాత్రలు మ్రింగినా వెన్నుపాము అతకదు. ఆ పేరిట ఎవరైనా సొమ్మడిగితే ఇవ్వకండి.

నేడు మన చేతిలో ఉన్నది తొలి గంటల జాగ్రత్తయే. వెన్నెముక భగ్నమైనవారికి సుశ్రుతుడు కపాటశయనం, అనగా పలకపై కదలకుండా పరుండబెట్టటం, విధించాడు. పడినవారిని కూర్చుండబెట్టకండి, మెడ, నడుము వంచకండి, మర్దనం చేయకండి. 108కి ఫోను చేయండి. అక్కడినుండి తప్పక కదల్చవలసివస్తే, నలుగురు కలిసి మెడ, వెన్ను ఒకే వరుసలో ఉంచి తలుపు రెక్కపైకి చేర్చండి. మిగిలి ఉన్న నరాన్ని కాపాడటమే నేటికి ఉత్తమమైన ఔషధం.