ఖాళీ కంప్యూటర్ ఎవరిని నమ్మాలి?

రక్షణ శాఖ కంప్యూటర్లలో విండోస్ స్థానంలో ఉబుంటు ఆధారిత దేశీయ ఆపరేటింగ్ సిస్టమ్ ‘మాయా’ రానుందని 2023 ఆగస్టులో వార్తలొచ్చాయి. చర్చంతా స్వదేశీ చుట్టూనే సాగింది. నన్ను మాత్రం మరో ప్రశ్న వెంటాడింది: అది వేల యంత్రాల్లోకి ఏ దారిన చేరుతుంది?

ఒక్కో కంప్యూటర్ దగ్గరికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లడం పెద్ద కార్యాలయాల్లో కుదరదు. పైగా పెన్‌డ్రైవే ఓ ముప్పు. అందుకే లోకల్ నెట్‌వర్క్ ద్వారా సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1990ల చివర్లో ఇంటెల్ రూపొందించిన ‘పీఎక్స్‌ఈ’ ఇందుకు ఆధారం. హార్డ్‌డిస్క్ ఖాళీగా ఉన్నా, యంత్రం ఆన్ కాగానే ‘నాకు చిరునామా, బూట్ ఫైలు ఎవరిస్తారు?’ అని నెట్‌వర్క్‌ను అడుగుతుంది. సర్వర్ జవాబిస్తుంది, ఫైలు దిగుతుంది, ఇన్‌స్టలేషన్ మొదలవుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. జవాబిచ్చింది అసలు సర్వరా, నకిలీదా అని తేల్చుకునే ఏర్పాటు ఆ సంభాషణలో సాధారణంగా ఉండదు. ఫైలును తెచ్చే టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. లోపలి నెట్‌వర్క్‌కు తగిలించిన ఒక్క ల్యాప్‌టాప్ సర్వర్‌లా నటిస్తే చాలు, యాంటీవైరస్ మేలుకోకముందే శత్రువు తిష్ఠ వేస్తాడు. 2024 జనవరిలో వెల్లడైన ‘పిక్సీఫెయిల్’ అనే తొమ్మిది లోపాలు ఈ నెట్‌వర్క్ బూట్ దశలోనివే.

‘మా నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్ లేదు’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. డిజిటల్ సంతకం లేని ఫైలును తిరస్కరించే సెక్యూర్ బూట్, టీఎఫ్‌టీపీ బదులు హెచ్‌టీటీపీఎస్, ఇన్‌స్టలేషన్‌కు ప్రత్యేక నెట్‌వర్క్, నకిలీ సర్వర్ల జవాబులను అడ్డుకునే స్విచ్‌లు తప్పనిసరి కావాలి. ఇవన్నీ ఇప్పటికే అందుబాటులో ఉన్నవే. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు పెట్టే ఖర్చులో కొంత ఈ గడప కాపలాకూ కేటాయించాలన్నది నా అభిప్రాయం.