ఎగిరే ముందు ఒక సంతకం

శంషాబాద్‌లో దిగిన విమానం ప్రయాణికుల్ని దించి, కొత్తవాళ్లను ఎక్కించుకుని మళ్లీ రన్‌వే పట్టడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. లోపల సామాన్లు సర్దుకునే హడావుడి సాగుతుండగా, కింద రెక్కల నీడలో మెరిసే జాకెట్ వేసుకున్న మనిషి ఒకరు టార్చిలైటు పట్టుకుని విమానం చుట్టూ తిరుగుతుంటారు. ముక్కు దగ్గర మొదలుపెట్టి, తోక చుట్టి, మళ్లీ ముక్కు దగ్గరికే వస్తారు. కిటికీ పక్కన కూర్చున్నవారికి అది మామూలు పచార్లలా అనిపించవచ్చు. నిజానికి ఆ నడకలో ప్రతి అడుగుకీ ఒక లెక్క ఉంది.

చక్రాల దగ్గర వంగి చూసేది బ్రేకు పక్కన పొడుచుకొచ్చిన సన్నని పిన్నును. బ్రేకు అరిగేకొద్దీ పిన్ను లోపలికి పోతుంది. పార్కింగ్ బ్రేకు వేసి ఉన్నప్పుడు అది అంచుతో సమానమైపోయిందంటే ఆ బ్రేకు మార్చాల్సిందే. తర్వాత టైర్లు. కారు టైరులో 30, 35 పీఎస్ఐ ఒత్తిడి ఉంటే, ఎయిర్‌బస్ ఏ320 టైరులో దాదాపు 200 ఉంటుంది. అందులో నింపేది మామూలు గాలి కాదు, నైట్రోజన్. ఆక్సిజన్ లేదు కనుక బ్రేకులు ఎంత వేడెక్కినా టైరు లోపల మంట పుట్టదు. తేమ లేదు కనుక మైనస్ 50 డిగ్రీల చలిలోనూ గడ్డకట్టేది ఏమీ ఉండదు. ఆ తర్వాత ఇంజిన్ ముందుండే ఫ్యాన్ బ్లేడ్లు. వాటి అంచుల్లో పక్షి తగిలిన గుర్తు గానీ, రాయి కొట్టిన నొక్కు గానీ ఉందేమో చూస్తారు. అడుగున ఎక్కడైనా హైడ్రాలిక్ ద్రవం కారుతోందేమో చూస్తారు. చివరికి కాక్‌పిట్‌లో టెక్నికల్ లాగ్‌బుక్ తెరుస్తారు. పైలట్ అందులో ఏదైనా ‘స్నాగ్’ రాసి ఉంటే దాని సంగతి తేల్చాలి. అక్కడికక్కడే సరిచేయాలి, లేదా నిబంధనలు ఒప్పుకునే లోపమైతే ఇన్ని రోజుల్లోగా సరిచేయాలని గడువు రాసి వాయిదా వేయాలి.

పని జరిగిన విమానం మళ్లీ ఎగరాలంటే ‘రిలీజ్ టు సర్వీస్’ మీద లైసెన్స్ ఉన్న ఇంజినీర్ సంతకం పడాలి. కెప్టెన్ ఎంత సీనియరైనా, లోపల ఎంతటి ప్రముఖులు కూర్చున్నా, అది లేనిదే విమానం కదలదు. ఆ సంతకం పెట్టే ఉద్యోగానికే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ అని పేరు. వాడుకలో ఏఎంఈ.

లోహానికీ అలసట ఉంటుంది

విమానం చెడిపోయాక బాగుచేయడం ఈ వృత్తిలో చిన్న భాగం. చెడబోయేదాన్ని ముందే పట్టుకోవడమే అసలు పని. అది ఎందుకంత కష్టమో తెలియాలంటే లోహం ఎలా విరుగుతుందో తెలియాలి.

ముప్ఫై ఏడు వేల అడుగుల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదాంట్లో అయిదో వంతుకు పడిపోతుంది. లోపలున్నవారు ఊపిరి పీల్చుకోవాలి కనుక క్యాబిన్‌లో ఒత్తిడి పెంచి ఉంచుతారు. లోపలికీ బయటికీ ఉన్న ఈ తేడా వల్ల విమానం గోడ మీద ప్రతి చదరపు మీటరుకూ సుమారు అయిదున్నర టన్నుల బలం బయటికి తోస్తుంది. పైకెళ్లిన ప్రతిసారీ విమానం ఒళ్లు రవ్వంత ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ మామూలు స్థితికి వస్తుంది. ఇనుప తీగను ఒక్కసారి వంచితే ఏమీ కాదు, అటూ ఇటూ వంచుతూ పోతే పుటుక్కున తెగుతుంది. అల్యూమినియం రేకుకు జరిగేదీ అదే. దీన్నే లోహపు అలసట అంటారు. ఇంత బలం లోపు అయితే ఎన్నిసార్లు లాగినా భయం లేదని ఉక్కు విషయంలో ఒక హద్దు గీయవచ్చు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. అందుకే విమానం వయసును ఏళ్లతో పాటు, ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్కతో కూడా కొలుస్తారు.

ఈ పాఠం ప్రాణాలు పోయాకే అర్థమైంది. ప్రపంచపు తొలి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ 1954లో మూడు నెలల వ్యవధిలో రెండుసార్లు గాలిలోనే ముక్కలైంది. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో శాస్త్రజ్ఞులు మరో కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టెలో ఉంచి, లోపలికి నీటి ఒత్తిడి ఎక్కిస్తూ, తగ్గిస్తూ పరీక్షించారు. అసలు ప్రయాణాలూ ఈ పరీక్షలూ కలిపి మూడు వేలు దాటాక దాని గోడ చీలిపోయింది.

మరో పాఠం 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో. అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఇరవై నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగపు పైకప్పు దాదాపు అయిదున్నర మీటర్ల పొడవున ఊడి ఎగిరిపోయింది. పైలట్లు ఎలాగో విమానాన్ని దించారు. ఒక విమాన సిబ్బంది ప్రాణం పోయింది, మిగతా 94 మంది బతికారు. దీవి నుంచి దీవికి చిన్నచిన్న దూరాలు తిరిగే ఆ విమానం పంతొమ్మిదేళ్లలో 89,680 సార్లు ఎగిరి దిగింది. రేకులు కలిసేచోట అంటించిన జిగురు వదిలి, సముద్రపు తేమ చేరి తుప్పు పట్టింది. జిగురు మోయాల్సిన భారం రివెట్ల మీద పడింది. రివెట్ రంధ్రాల అంచుల్లో పుట్టిన వెంట్రుకవాసి పగుళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి. విమానం ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలి కంటికి పగులు కనిపించింది కూడా, ఆమె ఎవరికీ చెప్పలేదు. తనిఖీల్లో ఈ నష్టాన్ని పట్టుకోలేకపోవడమే ప్రమాదానికి కారణమని దర్యాప్తు తేల్చింది. పాతబడ్డ విమానాల తనిఖీ పద్ధతులు ప్రపంచమంతా మారిపోయింది ఆ తర్వాతే.

పగులును పట్టే ఫిజిక్స్

కంటికి కనిపించని పగులును రేకు చింపకుండా ఎలా పట్టాలి? ఇక్కడ పనికొచ్చేది ఇంటర్లో మనం మార్కుల కోసం చదివిన ఫిజిక్సే. కరెంటు దిశ మారుతూ ఉండే చిన్న తీగచుట్టను రేకు దగ్గరికి తెస్తే, విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల రేకులో గుండ్రంగా తిరిగే ఎడ్డీ ప్రవాహాలు పుడతాయి. దారిలో పగులు ఉంటే ప్రవాహం చుట్టూ తిరిగి పోవాలి. ఆ తేడా తెర మీద గీత కదలికగా కనిపిస్తుంది. లోతైన లోపాలకు అతిధ్వని తరంగాలు పంపి ప్రతిధ్వని వింటారు. ఉపరితలం మీది పగుళ్లకు రంగుద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే పగుల్లో దూరిన రంగు పైకి పాకి ఎర్రగీతలా బయటపడుతుంది. ఇంజిన్ లోపల చూడాలంటే దాన్ని విప్పనక్కర్లేదు. సన్నని గొట్టం చివర కెమెరా ఉన్న బోరోస్కోప్‌ను చిన్న రంధ్రంలోంచి పంపి ఒక్కో బ్లేడునూ తిప్పి చూస్తారు.

ఈ తనిఖీలకు మెట్లు ఉన్నాయి. కొన్ని వందల గంటలు ఎగిరాక ఏ-చెక్. సుమారు ఏడాదిన్నర, రెండేళ్లకోసారి సీ-చెక్. అప్పుడు విమానాన్ని హ్యాంగర్‌లో రోజుల తరబడి నిలిపి, ప్యానెళ్లు విప్పి చూస్తారు. ఇంకొన్నేళ్లకు వచ్చే భారీ తనిఖీలో సీట్లు, గోడల తొడుగులు అన్నీ ఊడదీసి అస్థిపంజరం కనిపించేదాకా వెళతారు. గేటు దగ్గర జరిగే పనిని లైన్ మెయింటెనెన్స్ అంటారు, హ్యాంగర్‌లో జరిగేదాన్ని బేస్ మెయింటెనెన్స్ అంటారు. మొదటిదాంట్లో గడియారంతో పరుగు, రెండోదాంట్లో ఓపికకు పరీక్ష.

84 బోల్టుల కథ

లోహం కన్నా ముందు అలిసిపోయేది మనిషి. 1990 జూన్ 10న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో, పదిహేడు వేల అడుగుల దగ్గర కాక్‌పిట్ అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుముదాకా బయటికి లాగేయబడ్డారు. సిబ్బంది ఆయన్ని పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించారు. కెప్టెన్ బతికారు. అంతకు ముందురోజు తెల్లవారుజామున, రాత్రి షిఫ్టులోనే ఆ అద్దం మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికన్నా సన్నవి. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. మిగతా ఆరు పొట్టివి. పార్ట్ నంబరు పుస్తకంలో చూడకుండా, పాత బోల్టు పక్కన కొత్త బోల్టు పెట్టి కంటితో సరిపోల్చారు.

అద్దం మార్చిన ఇంజినీర్ సోమరి కాదు, అనుభవం లేనివారూ కాదు. రాత్రి పని, తక్కువ మంది, ఉదయానికల్లా విమానం సిద్ధం కావాలన్న తొందర, ‘నాకు తెలుసులే’ అనే నమ్మకం. ఇలాంటివన్నీ కలిసి పొరపాటు చేయిస్తాయి. ఈ కారణాల్ని కెనడా రవాణా శాఖలో పనిచేసిన గోర్డన్ డ్యూపాంట్ 1993లో పన్నెండుగా క్రోడీకరించారు. ‘డర్టీ డజన్’ పేరుతో ఆ జాబితా నేటికీ హ్యాంగర్ల గోడల మీద కనిపిస్తుంది. అలసట, ఒత్తిడి, మాట సరిగా అందకపోవడం, అతి ధీమా అందులో కొన్ని. అందుకే ఏఎంఈ సిలబస్‌లో లెక్కలు, ఫిజిక్స్‌తో పాటు ‘హ్యూమన్ ఫ్యాక్టర్స్’ కూడా ఒక పరీక్ష. విమానాన్ని అదుపుచేసే భాగాల మీద పని చేస్తే, చేసినవారు కాక మరొకరు స్వతంత్రంగా తనిఖీ చేయాలి. పని ముగిశాక ప్రతి స్పానరూ తన గూటికి చేరాలి. ఒక్కటి తగ్గినా విమానం కదలదు, అది దొరికేదాకా వెతకాల్సిందే.

లైసెన్స్ దారి

మన దేశంలో ఈ లైసెన్స్ ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. నిబంధన పేరు సీఏఆర్-66. ఇంటర్ ఎంపీసీ చదివినవారు చేరవచ్చు. ప్రధానంగా రెండు దారులు. విమాన దేహం, ఇంజిన్, యాంత్రిక వ్యవస్థలు బీ1 కిందికి వస్తాయి. రాడార్, నావిగేషన్, ఎలక్ట్రానిక్ వ్యవస్థలు బీ2 కిందికి వస్తాయి. గుర్తింపు ఉన్న సంస్థలో రెండేళ్ల కోర్సు, ఆపై రెండేళ్ల ప్రాక్టికల్ అనుభవం, డీజీసీఏ నిర్వహించే మాడ్యూల్ పరీక్షలు. ఒక్కో మాడ్యూల్‌లో 75 శాతం మార్కులు రావాలి. లైసెన్స్ వచ్చాక కూడా ఫలానా రకం విమానం మీద ‘టైప్ రేటింగ్’ కావాలి. ఏ320 మీద సంతకం పెట్టగలిగినవారు బోయింగ్ 737 మీద పెట్టలేరు. ఆపైన పనిచేసే సంస్థ కూడా విడిగా అధికారం ఇవ్వాలి.

తల్లిదండ్రులు తరచూ పడే తికమక ఒకటుంది. ఏరోనాటికల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ వేరు, ఏఎంఈ వేరు. బీటెక్ చదువు డిజైన్, తయారీ, పరిశోధన వైపు తీసుకెళుతుంది. విమానాన్ని రిలీజ్ చేసే సంతకానికి ఎవరికైనా ఈ లైసెన్సే కావాలి.

తెలుగు మీడియం పిల్లలు మాన్యువళ్ల ఇంగ్లిష్‌కు భయపడనక్కర్లేదు. అవి పరిమితమైన పదాలతో, ఒక మాటకు ఒకే అర్థం ఉండేలా ప్రత్యేక నియమాలతో రాసినవి. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదన్నది అందులో ఒక నియమం.

ముందున్న కాలం

ఎయిరిండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు ఆర్డర్ ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. 2025 నుంచి 2044 వరకు ప్రపంచానికి కొత్తగా 7 లక్షల 10 వేల మంది నిర్వహణ నిపుణులు కావాలని బోయింగ్ అంచనా. ఇది విమానాలు అమ్మే సంస్థ వేసిన అంచనా అన్నది గుర్తుంచుకోవాలి. అయినా పెరుగుదల దిశ మీద సందేహం లేదు.

మన విమానాల ఇంజిన్లు చాలాకాలంగా భారీ మరమ్మతులకు విదేశాలకు వెళుతున్నాయి. 2020 ఏప్రిల్‌లో ఈ సేవల మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 నవంబరులో శంషాబాద్ విమానాశ్రయం పక్కనే ఫ్రెంచ్ సంస్థ సాఫ్రాన్ లీప్ ఇంజిన్ల నిర్వహణ కేంద్రం ప్రారంభమైంది. ఏ320నియో, 737 మ్యాక్స్ విమానాలను నడిపే ఇంజిన్లలో లీప్ ఒకటి. పూర్తిస్థాయికి చేరాక ఏడాదికి 300 ఇంజిన్లను చూడగలదనీ, వెయ్యిమందికి పైగా పని దొరుకుతుందనీ సంస్థ చెబుతోంది. జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లు అక్కడే ఉన్నాయి. తెలుగు విద్యార్థికి ఒకప్పుడు ముంబయి, బెంగళూరు వెళితే గానీ దక్కని అవకాశం ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంది.

పని తీరు మారుతోంది. నేటి ఇంజిన్ తన ఆరోగ్యాన్ని తానే చెబుతుంది. అదే థ్రస్ట్‌కు వెలువడే వాయువుల వేడి నెలనెలా పెరుగుతోందంటే లోపల ఏదో అరుగుతోందని అర్థం. వేల ప్రయాణాల సమాచారం నుంచి ఏ భాగం ఎప్పుడు మొరాయిస్తుందో కంప్యూటర్లు ముందే అంచనా వేస్తున్నాయి. డ్రోన్లు విమానం పైభాగాన్ని ఫొటోలు తీసి నొక్కుల్ని గుర్తిస్తున్నాయి. బోయింగ్ 787 బరువులో సగం కార్బన్ ఫైబర్ కాంపోజిట్లే. అవి లోహంలా తుప్పు పట్టవు గానీ, దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకుండా లోపలి పొరలు విడిపోవచ్చు. చిత్రమేమిటంటే, అలాంటి చోట తొలి పరీక్షగా నాణెంతోనో చిన్న సుత్తితోనో తట్టి వినే పాత పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. టంగుమంటే బాగున్నట్టు, మందంగా మోగితే పొర విడినట్టు. కృత్రిమ మేధ అనుమానం చెప్పగలదు, ఎక్కడ చూడాలో చూపగలదు. బాధ్యత తీసుకుని సంతకం పెట్టాల్సింది నేటి చట్టం ప్రకారం మనిషే. ఇది సమీప భవిష్యత్తులో మారే సూచనలు లేవు.

చేరేముందు

ఈ వృత్తికి రెండో ముఖం కూడా ఉంది. లైసెన్స్ చేతికొచ్చేదాకా సంపాదన తక్కువ, కొందరికి ట్రెయినీ దశ ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. టైప్ రేటింగ్‌ను సొంత ఖర్చుతో చేయాలంటే లక్షల్లో పని. రాత్రి షిఫ్టులు, ఎండలో విమానాలు ఆగే ఏప్రన్ మీద నిలబడటం, వానలో ప్యానెల్ తెరవడం తప్పవు. విమానయాన సంస్థలు మూతపడిన చరిత్రా ఉంది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు నైపుణ్యం ఉన్నవారూ రోడ్డున పడ్డారు. గల్ఫ్ వెళ్లాలనుకునేవారికి మన లైసెన్స్ ఒక్కటే అన్నిచోట్లా చెల్లదు. చాలా సంస్థలు యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్ఏ లైసెన్స్ అడుగుతాయి.

కనుక ఫీజు కట్టే ముందు మూడు పనులు చేయండి. సంస్థకు సీఏఆర్-147 గుర్తింపు ఉందో లేదో, ఏ కోర్సుకు ఉందో డీజీసీఏ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ప్రాక్టికల్ శిక్షణ ఏ హ్యాంగర్‌లో, ఏ విమానాల మీద ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. గత బ్యాచ్‌ల్లో ఎంతమంది చేతికి లైసెన్స్ వచ్చిందో పూర్వ విద్యార్థులనే కనుక్కోండి. బ్రోషర్‌లోని విమానం బొమ్మ ఈ మూడింటికీ జవాబు చెప్పదు. యంత్రాల మీద ఇష్టం, పుస్తకం చూడకుండా బోల్టు బిగించని క్రమశిక్షణ, ‘సందేహంగా ఉంది, ఈ విమానం ఇప్పుడు వెళ్లదు’ అని మేనేజర్ ముందు చెప్పగల ధైర్యం ఉన్నవారికి ఇది మంచి వృత్తి. తొందరగా జీతం రావాలనుకునేవారు మాత్రం వేరే కోర్సు చూసుకోవడమే మేలు.