సెలవుల ప్రయాణములు – చేతిఫోను కాపుదల

వేసవి సెలవులు సమీపించుచున్నవి. హాస్టలు విద్యార్థులు అప్పుడే పెట్టెలు సర్దుకొనుచున్నారు. రైలుబండిలో పెట్టెకు గొలుసు వేసి తాళము బిగించుట, పరాయివారిచ్చిన తినుబండారములు ముట్టకుండుట, రాత్రివేళ మెలకువగా నుండుట – ఇవి మన పెద్దలు మనకు నేర్పిన జాగ్రత్తలు. ఇవి నేటికిని విడువదగినవి కావు. కాని నేటి ప్రయాణికుని సొమ్ము పెట్టెలో లేదు. చొక్కా జేబులోని ఫోనులో నున్నది. బ్యాంకు ఖాతా, టికెట్లు, ఆధారు కార్డు, ఇంటివారి ఫోటోలు అన్నియు నందే యున్నవి. వానిని హరించుటకు దొంగ మన బండి యెక్కనక్కఱలేదు. ఏ దూరదేశముననో కూర్చుండియే యా పని చేయగలడు.

ఇది నేను పుస్తకములలో చదివి తెలిసికొన్న సంగతి కాదు. గత క్రిస్మసు సెలవులలో అరకులోయకు పోవ నిశ్చయించితిమి. ఇంటర్నెట్టులో వెదుకగా ఒక విడిదిగృహము పేరు, చక్కని ఫోటోలు, ఒక ఫోను నంబరు కనబడినవి. ఆ నంబరునకు మాటాడగా ఒకడు మిక్కిలి మర్యాదతో, “పండుగ దినములండీ, రెండే గదులు మిగిలినవి. సగము సొమ్ము ఇప్పుడే పంపినచో మీ పేర వ్రాసికొందుము” అనెను. నేను తొందరపడి 6,500 రూపాయలు పంపితిని. కొంతసేపటికి అతడే ఫోను చేసి, “సొమ్ము చేరలేదు, మఱల పంపుడు, మొదటిది వాపసు వచ్చును” అనెను. అప్పుడు నాకు అనుమానము తోచినది. ఆ గృహము వారి నిజమైన నంబరు వేఱొక చోట సంపాదించి విచారింపగా, వారు మా పేరైనను వినలేదు. వారి ఫోటోల నెత్తి తన నంబరు తగిలించి యెవడో యీ అంగడి పెట్టెను.

ఇంతకంటె పెద్ద తప్పు అటుపిమ్మట చేసితిని. పదిమందికి పాఠములు చెప్పువాడనై యుండియు మోసపోతినే యని సిగ్గుపడి రెండు దినములు ఎవరికిని, నా భార్యకైనను, చెప్పకుంటిని. మూడవనాడు 1930 నంబరునకు ఫిర్యాదు చేయునప్పటికి ఆ సొమ్ము చేయి దాటిపోయెను.

ఈ 1930 సంగతి కొంత వివరింపవలసియున్నది. మోసగాడు సొమ్మును మొదట చేరిన ఖాతాలో నుంచడు. అందుండి మఱియొక దానికి, దానినుండి వేఱొక దానికి త్రోసి, తుదకు నగదుగా తీసికొనును. 2021లో కేంద్ర హోం శాఖ వారు బ్యాంకులను, పోలీసులను కలిపి చేసిన యేర్పాటు ప్రకారము, ఫిర్యాదు అందినంతనే ఆ సొమ్ము ఏ ఖాతాలో నిలిచియున్నదో కనుగొని కదలకుండ నాపుదురు. నిలిచియున్నప్పుడే సుమా! కావున తొలి గంటకున్న విలువ మూడవ దినమునకు లేదు. తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు వచ్చి, “నాన్నా, పొరపాటు జరిగినది” అన్నప్పుడు ముందు ఫోను చేయుడు. కోపము తరువాత చేయవచ్చును.

ఇట్లు మోసపోయినవాడను నే నొక్కడనే కాను. 2025 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వపు సైబరు నేరముల సంస్థ వారు కేదారనాథ హెలికాప్టరు టికెట్లు, చార్‌ధామ్ యాత్రికుల విడుదులు, సోమనాథ దర్శనార్థుల గదులు – వీని పేర నకిలీ వెబ్‌సైట్లు పుట్టినవని ప్రజలను హెచ్చరించిరి. తిరుమల గదుల పేరను ఇట్టి మోసములు జరిగినవి. నకిలీని గుర్తించు మార్గమొకటి కలదు. తపాలా ఉద్యోగి కవరుమీది చిరునామాలో తుది పంక్తిని ముందు చూచును గదా! వెబ్‌సైటు చిరునామాయు నట్టిదే. పేరు ముగిసి మొదటి యేటవాలు గీత వచ్చుచోటినుండి ఎడమకు చదువవలెను. తిరుమల తిరుపతి దేవస్థానముల వారి చిరునామా తుదిని ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని యుండును. ‘గవ్ డాట్ ఇన్’ అనునది ప్రభుత్వ సంబంధమైన వారికే గాని యితరులకు దొరకదు. ముందు భాగమున దేవుని పేరెంత పెద్దగా నున్నను దానిని బట్టి నమ్మరాదు. ఇక తాళపుకప్ప గుర్తు మాట: అది ఉత్తరము లక్కముద్రతో పోవుచున్నదని మాత్రమే తెలుపును, పుచ్చుకొనువాడు సత్యవంతుడని తెలుపదు.

స్టేషనులలోను హోటళ్లలోను ఉచితముగా దొరకు వైఫై విషయమున భయము పూర్వమున్నంత యిప్పుడు లేదు. ఏలయన నేడు పెక్కు సైట్లు మాటలను గుప్తలిపిలోనికి మార్చియే పంపుచున్నవి. అయినను ఆ వైఫైకి స్టేషను పేరు నెవడైన పెట్టవచ్చును. అందు చేరినవెంటనే మీ ఈమెయిలు రహస్యపదమును అడిగినను, ఏదో క్రొత్త ప్రోగ్రాము దింపుకొమ్మన్నను విడిచిపెట్టుడు. హోటలు వైఫైలో చేరిన అతిథులకు నకిలీ నవీకరణలు చూపి వారి కంప్యూటర్లలో చొరబడినవారి కథను 2014లో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టెను. సొమ్ము వ్యవహారములకు సొంత సిమ్ము డేటాయే మేలు.

చార్జింగు తీగెను గూర్చి పత్రికలలో చాల వ్రాయుదురు. సాధారణ యూఎస్‌బీ తీగెలో విద్యుత్తునకు రెండు, సమాచారమునకు రెండు తంతువు లుండుటచేత భయము పుట్టినది. నిజముగా నష్టపడినవారు బహు అరుదని నా యభిప్రాయము. సొంత చార్జరును గోడ ప్లగ్గునకు తగిలించినచో ఆ చింతయు లేదు.

అంతకంటె హెచ్చు కీడు మన గొప్ప చాటుకొనుటలో నున్నది. ఆస్ట్రేలియా మాజీ ప్రధానమంత్రి టోనీ ఆబట్ 2020లో తన విమానపు బోర్డింగు పాసు ఫోటోను ఇన్‌స్టాగ్రాములో పెట్టెను. దానిపైనున్న బుకింగు సంకేతముతో ఒక యువకుడు ఆయన పాస్‌పోర్టు నంబరును, ఫోను నంబరును కనుగొనెను. అతడు మంచివాడగుటచే అధికారులకు తెలియజేసెను. మన రైలు టికెట్టుపైని పీఎన్ఆర్ సంఖ్యయు దాచుకొనదగినదే. ఇక ఇంట నెవరును లేరని ఊరందఱికి ఫోటోలతో చాటింపు వేయుట యేల? తిరిగి వచ్చిన పిమ్మట చూపవచ్చును.

మఱియొక మాట. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ ఎన్నడును అక్కఱలేదు. “వాపసు ఇచ్చెదము, పిన్ నొక్కుడు” అన్నవాడు దొంగయే.

ఫోనే పోయినయెడల 2023లో ఏర్పడిన సంచార్ సాథీ వెబ్‌సైటులో దానిని నిలుపుదల చేయింపవచ్చును. అందుకు దాని 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కావలెను. ఫోనులో స్టార్, హాష్, సున్న, ఆఱు, హాష్ నొక్కినచో అది కనబడును. దానిని ఆ ఫోనులోనే దాచుకొనిన ప్రయోజనమేమి? కాగితముపై వ్రాయుడు. ఈ వేసవికి నా పెట్టెలో అద్దము ప్రక్కన ఆ సంఖ్యయు, 1930 అను నంబరును, బ్యాంకు వారి నంబరును వ్రాసిన చీటి యొకటి పెట్టితిని. సంగతి యంతయు ఇప్పుడు నా భార్యకు తెలియును. గదులు మాటాడు పని యీసారి ఆమెయే పుచ్చుకొన్నది.