శాస్త్రజ్ఞులకు మార్కులు వేయువారెవరు?

గత సంవత్సరము ప్రోగ్రెసు కార్డుపై సంతకము చేయుటకు వచ్చిన ఒక తండ్రిగారు మమ్మొక ప్రశ్న అడిగిరి. వారి పెద్దమ్మాయి మన పాఠశాలలోనే చదివి, ఇప్పుడు జీవరసాయన పరిశోధన చేయుచున్నది. ఆమె తొలి వ్యాసమును మూడేండ్లలో ఇద్దరే పేర్కొనిరట. "ఇద్దరే యన్నచో పిల్ల తప్పినట్లేనా, హెడ్మాష్టరుగారూ?" అని వారు దిగులుపడిరి. సమాధానమునకై మేము కొంత చదువవలసి వచ్చినది. ఆ చదివినది తక్కిన తల్లిదండ్రులకు కూడ పనికివచ్చునని ఇచ్చట వ్రాయుచున్నాము.

శాస్త్రజ్ఞుడు వ్యాసము వ్రాయునప్పుడు, తాను ఎవరెవరి పనిపై ఆధారపడెనో పేర్కొనవలెను. దీనిని ఉల్లేఖనమందురు. ఏ వ్యాసమును ఎందరు ఉల్లేఖించిరో లెక్కించు సూచికను అమెరికాలో యూజీన్ గార్ఫీల్డు 1964లో వెలువరించెను. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-సూచిక యను మరియొక కొలత కల్పించెను. ఒకరి వ్యాసములలో 20 వ్యాసములు ఒక్కొక్కటి 20 సార్లకు తక్కువ కాకుండ ఉల్లేఖింపబడినచో వారి సూచిక 20 అగును. ఉద్యోగములిచ్చువారు నేడు ఈ అంకెలను చూచుచున్నారు. కాబట్టి ఆ తండ్రిగారి భయము నిష్కారణము కాదు.

అయితే ఆల్క్విస్టు కథ వినుడు.

పరీక్షగదిలో అడుగిడిన పిల్లవాని గుండె దడదడలాడును, చేతులు చల్లబడును. రెండింటికిని కారణము అడ్రినలిను జాతి రసములే. ఒకే జాతి రసము గుండెను పరుగెత్తించి, చర్మమందలి రక్తనాళములను బిగించుట యెట్లు? రసములే రెండు విధములని నాటి పెద్దల అభిప్రాయము. అమెరికాలోని జార్జియా వైద్యకళాశాలలో పనిచేయుచుండిన రేమండ్ ఆల్క్విస్టు అట్టి ఆరు పదార్థములను జంతువుల వేర్వేరు అవయవములపై పరీక్షించెను. ఒక తరగతిలో మొదటివాడు పక్క తరగతిలో కడపటివాడైనట్లు, రక్తనాళములను బిగించుటలో అన్నిటికంటె దుర్బలమైన పదార్థము గుండెపై అన్నిటికంటె బలముగా పనిచేసెను. భేదము రసములో లేదు, దానిని అందుకొను గ్రాహకములో కలదని ఆయన గ్రహించి, వానికి ఆల్ఫా, బీటా అని పేర్లిడెను. (గ్రాహకమనగా పట్టుకొనునది. ఈ మాట తెలుగు పిల్లవానికి విప్పి చెప్పనక్కరలేదు.)

ఔషధశాస్త్ర పత్రిక ఒకటి ఆ వ్యాసమును త్రిప్పిపంపెను. 1948లో అది శరీరధర్మశాస్త్ర పత్రికలో అచ్చయినది. పదేండ్లవరకు దానిని పట్టించుకొన్నవారు బహుకొద్దిమంది. తరువాత జేమ్స్ బ్లాక్ అను స్కాట్లండు వైద్యుడు ఆ సిద్ధాంతమును పాఠ్యగ్రంథమొకదానిలో చూచెను. ఆయన తండ్రి గుండెపోటుతో మరణించియుండెను. గుండెకు రక్తమును పెంచుటకు బదులు, బీటా గ్రాహకమును మూసి దాని శ్రమనే తగ్గింపవచ్చునని ఆయనకు తోచెను. 1960ల నడుమ వాడుకలోనికి వచ్చిన ప్రొప్రనలాల్ మాత్ర అట్లు పుట్టినది. మన యిండ్లలో రక్తపు పోటుకు పెద్దలు మ్రింగు మాత్రలలో కొన్ని ఆ వంశమువే. 1976లో ఆల్క్విస్టు, బ్లాక్ ఇరువురికిని లాస్కరు బహుమతి లభించెను. 1988లో బ్లాక్ నోబెలు బహుమతి నందెను.

గ్రాహకము కేవలము ఊహయేనా, నిజముగా వస్తువా యను సందేహము చాలకాలము నిలిచియుండెను. ఆల్క్విస్టు కూడ దానిని ఊహగానే తలచెను. రాబర్టు లెఫ్కొవిట్జ్ అను హృదయవైద్యుడు రేడియోధార్మిక పదార్థముల సాయమున దాని జాడ పట్టెను. ఆయన బృందము 1986లో బీటా గ్రాహకపు జన్యువును చదివినది. దానికొరకు 2012లో, శిష్యుడు కోబిల్కాతో కలిసి, రసాయనశాస్త్రమున నోబెలు బహుమతి నందెను. జీవశాస్త్రమున మిక్కిలి ఉల్లేఖింపబడువారిలో లెఫ్కొవిట్జ్ ఒకడు. అట్టివానికి కూడ పరిశోధనారంభమున ఏడాదికి పైగా ఒక్క ప్రయోగమును ఫలింపలేదు.

అంకెలకు వేరొక చమత్కారము కలదు. అన్నిటికంటె ఎక్కువగా, 3 లక్షల సార్లకు మించి, ఉల్లేఖింపబడిన వ్యాసము మాంసకృత్తులను కొలుచు పద్ధతిని గూర్చి లౌరీ బృందము 1951లో వ్రాసినది. అది గొప్ప సిద్ధాంతము కాదు. ప్రతి ప్రయోగశాలకు నిత్యము కావలసిన పనిముట్టు, మన వంటింటి తక్కెడ వంటిది.

ఇదంతయు ఆ తండ్రిగారికి చెప్పితిమి. వారు శ్రద్ధగా విని, "ఆ పదేండ్లు ఆల్క్విస్టుగారి ఉద్యోగము నిలిచినదా?" అని అడిగిరి. నిలిచినది; ఆ కళాశాలవారు ఆయనను పంపివేయలేదు. మా అమ్మాయిది మూడేండ్ల ఒప్పందమే, వచ్చే జూనుతో ముగియునని చెప్పి, వారు కార్డుపై సంతకము చేసి వెళ్లిరి.