చేతి బ్యాటరీ లైటు: కొత్త బల్బు, మరల చార్జి చేయు సెల్లులు

అనంతపురము మెట్టలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. ఆ వానను నమ్మి వేరుసెనగ వేసిన రైతునకును, బోరుబావిలో మిగిలిన నీటిని నమ్మి చీనీ తోట పెంచు రైతునకును చీకటిలో పని తప్పదు. చాల ఏండ్లు మోటార్లకు కరెంటు విడతలు విడతలుగా వచ్చుచు, అందొక విడత రాత్రివేళ పడుచుండెడిది. పగటి సరఫరా హెచ్చిన పిమ్మటను రాత్రి నడక తీరలేదు. కాయ ఊరు దినములలో అడవిపందులను తోలవలెను. హిందూపురము, మడకశిర ప్రాంతములలో పట్టుపురుగులకు రాత్రిపూట ఆకు వేయవలెను. మందతో బీళ్ళలో పండుకొను గొర్రెల కాపరికి కంటినిండ నిద్ర ఎక్కడిది? వీరందరి చేతిలోను ఒక బ్యాటరీ లైటు ఉండును.

ఉండును గాని, అది వెలుగుచుండు సమయముకంటె ఆరియుండు సమయమే ఎక్కువ. సెల్లులు త్వరగా అయిపోవునను భయముతో గట్టుమీద పది అడుగులకొకమారు మీట నొక్కి, చూచి, ఆర్పి నడచుట మన పల్లెలలో అందరకును తెలిసిన అలవాటు. అపాయమంతయు ఆ నడిమి చీకటిలోనే ఉన్నది. కట్లపాము రాత్రి తిరుగు జాతి. రక్తపింజర, ఎండిన రాతినేలలలో ఉండు చిన్నపింజర, నేల రంగులో కలిసిపోయి కదలక పడియుండును. 2000 మొదలు 2019 వరకు మన దేశములో పాముకాటువలన సుమారు 12 లక్షల మంది, అనగా సగటున ఏటికి 58,000 మంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కకట్టినది. ఈ మరణములలో దాదాపు సగము జూన్‌ మొదలు సెప్టెంబరు వరకు గల నెలలలోనే జరిగినవి. మనకు వేరుసెనగ మొలచి పూతకు వచ్చు నెలలును అవియే. కనుక లైటును ఆర్పకుండ నడువగలుగుటయే ఈ వ్యాసమునందు మేము చెప్పదలచిన విషయము.

పాత లైటు సెల్లులను ఇంతగా మ్రింగుటకు కారణము తీగబల్బు. రెండు సెల్లుల లైటులో వాడు మామూలు తీగబల్బు అర ఆంపియరు కరెంటు తీసుకొని, సుమారు 10 ల్యూమెన్ల వెలుతురు ఇచ్చును. (ధాన్యమునకు శేరు ఎట్లో వెలుతురునకు ల్యూమెను అట్లు.) తక్కిన శక్తియంతయు వేడియై పోవును. ఎల్‌.ఇ.డి. బల్బులో కాలు తీగ లేదు. అర వాటు ఖర్చుతోనే అది 40 ల్యూమెన్లు ఇవ్వగలదు. అనగా సగముకంటె తక్కువ శక్తితో నాలుగింతల వెలుతురు. నీలి కాంతినిచ్చు ఎల్‌.ఇ.డి. కుదిరిన తరువాతనే ఈ తెల్లని వెలుతురు సాధ్యమైనది. అందుకు అకసాకి, అమానో, నకమురా అను జపాను దేశమున పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్‌ బహుమానము లభించెను.

మంచి ఇత్తడి లైటుగాని, రేకు లైటుగాని ఇంట ఉన్నచో దానిని పారవేయ నక్కరలేదు. బల్బు మార్చిన చాలును. అంచుపట్టీ గల బల్బా, మరచుట్టు గల బల్బా అని పాతదానిని చూపి అడుగవలెను. తరువాత చూడవలసినది వోల్టు. తెల్లని ఎల్‌.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావలెను. రెండు సెల్లులు వాడుకొలది అంతకు తగ్గును. అందుచేత రెండు సెల్లుల లైటునకు, లోపల వోల్టును పెంచు చిన్న యంత్రాంగము గల బల్బే తగినది. దీనిని కనుగొనుటకు ఒక ఉపాయము కలదు. బలహీనపడిన సెల్లులు రెండు అంగడికి తీసుకొనిపోయి, వానితో వెలిగించి చూడవలెను. నిండుగా వెలిగినచో బల్బు మంచిదే. మూడు సెల్లుల బల్బు రెండింటికి పనికిరాదు. రెండింటి బల్బు మూడింట మాడిపోవచ్చును. సెల్లులు తలక్రిందులుగా వేసినచో ఎల్‌.ఇ.డి. వెలుగదు. అది చెడిపోయినదని తొందరపడి పారవేయరాదు.

ఇట్టి బల్బుతో ఒక చిక్కు కలదు. తీగబల్బు ఎర్రబడి, మసకబారి ముందుగా హెచ్చరించును. వోల్టు పెంచు బల్బు చివరివరకు తెల్లగా వెలిగి, ఒక్కసారిగా ఆరిపోవును. జేబులో మరి రెండు సెల్లులు ఉంచుకొనుట మేలు.

ఇక సెల్లుల సంగతి. ఒకసారి వాడి పారవేయు సెల్లులను ఎండలో పెట్టియో, రాతితో నొక్కియో మరికొన్ని నిమిషములు వెలిగించుట మనవారి నేర్పు. దానివలన వచ్చునది స్వల్పము, కారి లైటును తినివేయుట అధికము. వానిని చార్జరులో పెట్టుట అపాయకరము. మరల చార్జి చేయదగిన నికెల్‌ మెటల్‌ హైడ్రైడ్‌ సెల్లులు వేరుగా దొరకును. వానిపై 1.5కు మారుగా 1.2 వోల్టు అని ఉండును. అది చూచి తక్కువరకమని తలపరాదు. మామూలు సెల్లు వాడుక మొదలైన కొంతసేపటికే 1.2కు దిగి, ఇంకను దిగును. ఇది దాదాపు ఖాళీయగువరకు అచ్చటనే నిలుచును. సరిగా వాడిన కొన్ని వందల మారులు చార్జి చేయవచ్చును.

మోసము పెద్ద సెల్లులలోనే ఎక్కువ. పెద్ద తొడుగులో పెన్సిలు సెల్లును దాచి అమ్మువారు కలరు. కనుక చేతితో తూచి చూడవలెను. నిజమైన పెద్ద సెల్లు 150 గ్రాముల వరకు తూగును. పొల్లుది చేతికి బరువే తగులదు. దానికంటె 2,000 ఎమ్‌.ఎ.హెచ్‌. గల మంచి పెన్సిలు సెల్లులు రెండు కొని, ప్లాస్టికు గొట్టపు తొడుగులలో ఉంచి పాత లైటులో వేయుట చవుక. అర వాటు బల్బుతో అవి ఏడెనిమిది గంటలు వెలుగును. వాడకున్నను చార్జి నిలుచు రకమును అడిగి తీసుకొనవలెను. మామూలు రకము నెల దినములు ఊరక పెట్టినచో అయిదవ వంతు వరకు చార్జి కోల్పోవచ్చును. పాతవి, కొత్తవి కలిపి వేయరాదు. నిండగానే తానై ఆగు చార్జరు ఉత్తమము.

అంగళ్ళలో దొరకు చార్జింగు లైట్లలో కొన్నింట 4 వోల్టుల సీసపు బ్యాటరీ ఉండును. దీనిని ఖాళీగా వదలినచో పలకలపై తెల్లని గట్టి పదార్థము పట్టి, మరల చార్జి తీసుకొనదు. పంట అయిన తరువాత అటకమీద పెట్టిన లైటు మరుసటి ఏడు వెలుగకపోవుటకు కారణమిదియే. నెలకొకమారైన చార్జి చేయవలెను.

లిథియం సెల్లు తేలిక, బలము ఎక్కువ, కాని కోపిష్టి. ఒక్కటే 3.7 వోల్టులు. పెన్సిలు సెల్లు ఆకారములోనే కొన్ని దొరకును గనుక, పొరపాటున మామూలు లైటులో వేసినచో బల్బు మాడును. బొటనవ్రేలి లావున్న లిథియం సెల్లుపై 9,900 ఎమ్‌.ఎ.హెచ్‌. అని వ్రాసియున్నచో నమ్మరాదు. ఆ కొలతలో పేరుగన్న కంపెనీల సెల్లులకే 3,600 దాటదు. ఉబ్బిన సెల్లు, నలిగిన సెల్లు వాడరాదు. వేసవిలో 40 డిగ్రీలు మించు మన ఎండలో మోటారు షెడ్డు రేకుక్రింద గాని, మోటారుసైకిలు ట్యాంకుమీద గాని దానిని వదలరాదు.

కరెంటులేని బీళ్ళలో వారములు గడుపు కాపరులకు అరచేతి పొడవు సోలారు పలక ఉపకరించును. నంబులపూలకుంటలో పెద్ద పలకలకు చాలిన ఎండయే వీరికిని చాలును. పలకను ఎండలో, లైటును నీడలో ఉంచి, నడుమ తీగ వేయవలెను.

సెల్‌ఫోనులోని లైటుతో సరిపెట్టుకొనువారు పెరిగినారు. కాని పాము కరచిన రాత్రి ఫోనులో చార్జి లేకున్నచో 108కి కబురు చేయుటెట్లు? ఫోనును కబురుకే ఉంచవలెను. కాటుపడిన కాలును కోయక, గట్టిగా కట్టక, కదలనీయక, విషమునకు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.

ఎల్‌.ఇ.డి. వేసిన తరువాతను లైటు మిణుకుమిణుకుమన్నచో బల్బును తిట్టకముందు అడుగు స్ప్రింగును చూడవలెను. పచ్చని తుప్పు పట్టియున్నచో సెల్లులు తీసి, ఉప్పుకాగితముతో రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. చెడిన సెల్లులను పెంటదిబ్బపై గాని, పొయ్యిలో గాని వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులదే గనుక, కొత్తవి కొనుటకు పోవునపుడు పాతవి సంచిలో వేసుకొనిపోయి అంగడివానిని అడుగవచ్చును.